స్క్రీన్ మీద గెయిన్ 0 డీబీ, స్ట్రింగ్స్ మాత్రం మునిగిపోతున్నాయి: లైవ్‌లో ప్యాచ్ వాల్యూమ్ మిడీతో ఎలా చూసుకుంటున్నారు?

రెండోవరస (ప్రశ్న)

బ్యాండ్‌లో కీబోర్డులు వాయిస్తాను. కింద 88 కీల వెయిటెడ్ కీబోర్డు, పైన 61 కీలది. వాటి సొంత సౌండ్లు వాడను. రెండూ యూఎస్‌బీ మీద ల్యాప్‌టాప్‌లోని లైవ్ హోస్ట్‌కి (ప్లగిన్లని నడిపే ప్రోగ్రామ్) వెళ్తాయి, పలికేవన్నీ ప్లగిన్లే, అంటే సాఫ్ట్‌వేర్ వాయిద్యాలే. ఒక్కో పాటకి కొన్ని ప్యాచ్‌లు, అంటే సేవ్ చేసుకున్న సౌండ్ అమరికలు, ఉంటాయి. పల్లవికి పియానో, దాని వెనకాల సన్నగా ప్యాడ్ (పరుచుకుని నిలిచే సౌండ్). ఇంటర్‌లూడ్‌కి స్ట్రింగ్స్. చరణంలో ఎలక్ట్రిక్ పియానో. ఆఖర్న పియానో, స్ట్రింగ్స్ కలిపిన లేయర్. ప్యాచ్ మార్చడానికి ఎడమ కాలి దగ్గర ఒక స్విచ్, కుడి కాలికి సస్టెయిన్, దాని పక్కన ఎక్స్‌ప్రెషన్ పెడల్ (తొక్కినంత మేర విలువ పెరిగేది). ఆ పెడల్ ఇప్పటికి దేనికీ కట్టలేదు.

పై కీబోర్డు మీదున్న మొదటి ఫేడర్‌ని "ఇప్పుడు మోగుతున్న ప్యాచ్ వాల్యూమ్" కింద పెట్టుకున్నాను. అది మొదటి నుంచీ సీసీ 7 పంపుతుంది, నేను మార్చలేదు (మిడీ అంటే వాయిద్యాలు సందేశాలు పంపుకునే భాష, సీసీ అంటే అందులో కంట్రోల్ సందేశం, 7 వాల్యూమ్‌ది). హోస్ట్‌లో ప్రతి ప్యాచ్ గెయిన్ (సౌండ్ స్థాయి) మీదా "లెర్న్" నొక్కి ఆ ఫేడర్ కదిపితే కట్టుకుంది. ప్యాచ్ తెరుచుకోగానే గెయిన్ నేను సేవ్ చేసిన విలువకి రావాలని కూడా పెట్టాను.

ఇప్పుడు జరుగుతున్నది చెప్తాను. మొదటి ఇంటర్‌లూడ్ అయిపోతూండగా, గాయని చరణం ఎత్తుకునే ముందు ఫేడర్‌ని సగానికి దించుతాను. నాకు కావలసింది కొంచెం తగ్గడం. కానీ సగానికి వచ్చేసరికి స్ట్రింగ్స్ దాదాపు మాయమైపోతున్నాయి. సరే అనుకుని ఎలక్ట్రిక్ పియానోకి వెళ్ళిపోతాను. రెండో ఇంటర్‌లూడ్‌కి మళ్ళీ స్ట్రింగ్స్ ప్యాచ్‌కి వస్తే స్క్రీన్ మీద గెయిన్ చక్కగా 0 డీబీ దగ్గర, అంటే ఏమీ తగ్గించని స్థాయిలో, ఉంటుంది. సౌండ్ మాత్రం డ్రమ్స్ వెనకాల ఎక్కడో మునిగి ఉంటుంది. ఎంత గట్టిగా వాయించినా లేవదు, మీటర్ కూడా మామూలుగా వచ్చేదానికి బాగా కిందే కొట్టుకుంటుంది. అప్పుడు ఫేడర్ మీద వేలు పెడితే ఇంకా పడిపోతుంది. పైకి తోస్తే కాసేపు ఏమీ ఉండదు, ఆ తర్వాత ఉన్నట్టుండి మోత మోగిపోతుంది.

పానిక్ బటన్ (ఇరుక్కున్న నోట్లని ఆపేది) నొక్కి చూశాను, మారలేదు. ఫైల్ మూసి మళ్ళీ తెరిస్తే బాగైపోతోంది. పాట మధ్యలో ఆ పని చేయలేను కదా. రెండో ఇంటర్‌లూడ్‌లో ఆ నాలుగు బార్ల స్ట్రింగ్స్ కోసమే పాటంతా ఎదురు చూస్తాను, అవి వినబడకపోతే నాకు ఆ పాట వాయించినట్టే ఉండదు.

ఇది ఎందుకు జరుగుతోందో తెలియాలి. అంతకంటే ముఖ్యంగా, మీరంతా ప్యాచ్ వాల్యూమ్‌ని దేనితో నడుపుతున్నారో చెప్పండి. సీసీ 7తోనా, సీసీ 11తోనా (ఎక్స్‌ప్రెషన్)? హోస్ట్ గెయిన్ మీదా, ప్లగిన్ లోపలి వాల్యూమ్ మీదా? చేతితోనా, కాలితోనా?

తీగలపెట్టె

మీ ఒక్క ఫేడరూ రెండు చోట్ల తగ్గిస్తోందని నా అనుమానం. ఇలా చూడండి. లెర్న్ చేసిన మ్యాపింగ్‌ని కాసేపు ఆపేయండి. స్ట్రింగ్స్ ప్లగిన్ విండో తెరిచి, ఒక కార్డ్ పట్టుకుని ఫేడర్ దించండి. ఇప్పుడు హోస్ట్ గెయిన్‌కీ ఫేడర్‌కీ సంబంధం లేదు కాబట్టి సౌండ్ తగ్గకూడదు. తగ్గిందంటే ఆ సీసీ 7 ప్లగిన్‌కి కూడా చేరుతోందన్నమాట. కొన్ని ప్లగిన్లలో వాల్యూమ్ నాబ్ కళ్ళ ముందే కదులుతుంది, కొన్నింట్లో కదలదు. అందుకే చెవితో చూడమంటున్నాను.

హోస్ట్‌లో మ్యాపింగ్ పెట్టినంత మాత్రాన ఆ సందేశం అక్కడే ఆగిపోవాలని లేదు. కొన్ని హోస్ట్‌లు మ్యాప్ చేసిన కంట్రోల్‌ని మింగేస్తాయి, కొన్ని కిందికి కూడా వదిలేస్తాయి, కొన్నింట్లో అది మీరు ఎంచుకునే ఆప్షన్. సీసీ 7 అంటే మిడీ స్టాండర్డ్ ప్రకారం ఛానల్ వాల్యూమ్ కాబట్టి, చాలా ప్లగిన్లు మీరు ఏమీ చెప్పకపోయినా దానికి తలవంచుతాయి.

పానిక్ ఎందుకు పనిచేయలేదంటే, అది సాధారణంగా పంపేవి సీసీ 120, 123, ఒక్కోసారి 121. మొదటి రెండూ సౌండ్‌ని, నోట్లని ఆపుతాయి. 121 అంటే కంట్రోలర్లన్నీ రీసెట్. కానీ "అన్నీ" అని పేరే గానీ, వాల్యూమ్ 7ని, పాన్ 10ని ముట్టుకోకూడదని మిడీ వాళ్ళ సిఫారసులోనే ఉంది. మాడ్యులేషన్ 0కి, ఎక్స్‌ప్రెషన్ 127కి వెళ్తాయి, సస్టెయిన్ వదులుతుంది, వాల్యూమ్ మాత్రం ఆఖరికి వచ్చిన దగ్గరే ఉండిపోతుంది. ఫైల్ మళ్ళీ తెరిస్తే ప్లగిన్ తన సేవ్ చేసిన స్థితిలో లోడ్ అవుతుంది, అందుకే బాగైపోతోంది.

రెండోవరస

చూశాను. మ్యాపింగ్ ఆపినా ఫేడర్‌తో స్ట్రింగ్స్ తగ్గుతున్నాయి. ప్లగిన్‌లో నాబ్ కదలడం లేదు, సౌండ్ మాత్రం తగ్గుతోంది. ప్యాడ్ ప్లగిన్ కూడా అంతే. పియానోది మాత్రం సీసీ 7ని అసలు పట్టించుకోవడం లేదు. అందుకేనేమో లేయర్ ప్యాచ్‌లో ఫేడర్ దించినప్పుడల్లా స్ట్రింగ్స్ ముందు పోయి పియానో ఒక్కటే మిగిలేది.

ఇప్పుడు సీసీ 7ని ప్లగిన్లకి వెళ్ళకుండా ఆపేయడమేనా, ఇంకేమైనా పద్ధతి ఉందా?

పాతరీడ్స్

ఆపేయండి, అది ముందు పని. ప్రతి ప్లగిన్ ముందున్న మిడీ ఇన్‌పుట్ సెట్టింగుల్లో ఫిల్టర్ ఉంటుంది, సీసీ 7ని అడ్డుకోండి. కాంటాక్ట్ అనే శాంపిల్ ప్లగిన్ వాడుతుంటే ఇన్‌స్ట్రుమెంట్ ఆప్షన్స్‌లో కంట్రోలర్ పేజీలో వాల్యూమ్, పాన్ కంట్రోలర్లకి స్పందించాలా వద్దా అనే టిక్ ఉంటుంది, తీసేసి ఆ ఇన్‌స్ట్రుమెంట్‌ని సేవ్ చేసుకోండి. లేదంటే ఇంకా తేలిక దారి: ఫేడర్‌నే ఎవరికీ పట్టని నంబరుకి మార్చండి. 20 నుంచి 31 దాకా సీసీలకి స్టాండర్డ్‌లో ఏ పనీ కేటాయించలేదు. ఫేడర్ సీసీ 20 పంపితే హోస్ట్ మాత్రమే అందుకుంటుంది, ప్లగిన్లు సాధారణంగా పట్టించుకోవు. నేనైతే కొత్త కంట్రోలర్ ఏది తెచ్చుకున్నా మొదట చేసే పని ఇదే.

సగానికి దించితే మాయమైపోవడం గురించి. మిడీ వాళ్ళు సిఫారసు చేసిన లెక్క ప్రకారం వాల్యూమ్ విలువని 127తో భాగించి, దాని లాగరిథమ్‌ని 40తో గుణిస్తే ఎన్ని డీబీలు తగ్గాలో వస్తుంది. 64 దగ్గర అది దాదాపు 12 డీబీ తగ్గుదల. మీ ప్లగిన్ 12 తగ్గించింది, హోస్ట్ కూడా ఇంచుమించు అదే లెక్క వాడితే అది ఇంకో 12. మొత్తం 24. బ్యాండ్ మధ్యలో 24 డీబీ తగ్గిన స్ట్రింగ్స్ అంటే లేనట్టే. తిరిగి వచ్చినప్పుడు హోస్ట్ తన 12ని వెనక్కి ఇచ్చింది, ప్లగిన్ తనది ఇవ్వలేదు. అందుకే స్క్రీన్ 0 చూపిస్తుంటే సౌండ్ మునిగి ఉంది.

ఇక అసలు విషయానికి వస్తాను. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

మీరు "ప్యాచ్ వాల్యూమ్" అంటున్నది నిజానికి ఒకటి కాదు. ఈ ప్యాచ్ ఆ ప్యాచ్‌తో పోలిస్తే ఎంత ఉండాలి అన్నది ఒకటి. ఈ నాలుగు బార్లలో స్ట్రింగ్స్ ఎలా లేచి ఎలా దిగాలి అన్నది వేరే. రిగ్ మొత్తం ఎంత రావాలి అన్నది ఇంకా వేరే. మొదటిది రిహార్సల్‌లో తేల్చి సేవ్ చేసి వదిలేయాల్సింది, స్టేజ్ మీద దానికి చేయి తగలకూడదు. రెండోది వాయించడంలో భాగం, వేళ్ళతో పాటు నడవాలి. మూడోది చివర్లో ఒకే నాబ్. మీ ఫేడర్ మొదటిదాన్నీ రెండోదాన్నీ కలిపి మోస్తోంది. సీసీ 7 డబుల్ కాకపోయినా ఈ గొడవ వేరే రూపంలో వచ్చేది. గాయని కోసం దించిన స్థాయికీ, ప్యాచ్‌కి మీరు సేవ్ చేసుకున్న స్థాయికీ తేడా తెలియని ఒకే గెయిన్ మీద ఆధారపడుతున్నారు కాబట్టి, ప్యాచ్ తిరిగి వచ్చిన ప్రతిసారీ స్క్రీన్ మీద ఒకటి, ఫేడర్ దగ్గర ఇంకొకటి ఉంటుంది.

మిడీలో 7, 11 అని రెండు పెట్టింది ఇందుకే. 7 ఛానల్ స్థాయి. 11 ఆ స్థాయిలోంచి ఎంత భాగం అని చెప్పేది. 7ని ఒకసారి పెట్టి వదిలేసి 11తో వాయిస్తే, 11 పూర్తిగా తొక్కినప్పుడు ఎప్పుడూ మీరు అనుకున్న చోటికే వస్తుంది, దాన్ని దాటిపోదు. సాఫ్ట్‌వేర్ హోస్ట్‌లో 7 బదులు ప్యాచ్ గెయిన్ ఉంది కాబట్టి 7 నంబరుతో మనకి పని లేదు. ఆ వేరు చేయడం మాత్రం కావాలి.

మీకు కాలి కింద ఒక పెడల్ ఊరికే పడి ఉంది. రెండో పనిని దానికి ఇచ్చేయండి. ఫేడర్ పట్టుకోవాలంటే ఒక చేయి కీల మీద నుంచి తీయాలి, స్ట్రింగ్స్‌లో అది పెద్ద నష్టం. రెండు చేతులతో నాలుగు స్వరాలు పరిచి, పై స్వరం కదులుతూ ఉండగా కాలితో నెమ్మదిగా నింపుకుంటూ వెళ్ళి, గాయని ఊపిరి తీసుకునే చోట వెనక్కి వదలడం... అది ఫేడర్‌తో రాదు.

కట్టే తీరు ఇలా. స్ట్రింగ్స్ ప్యాచ్‌లన్నీ ఒకే బస్‌లోకి (చాలా సౌండ్లు కలిసి వెళ్ళే దారి) పంపండి. ఆ బస్ ప్యాచ్‌ల లోపల ఉండకూడదు, వాటికి బయట ఎప్పుడూ తెరిచే ఉండాలి. మీ హోస్ట్ మెయిన్‌స్టేజ్ అయితే కాన్సర్ట్ స్థాయిలో ఒక ఆక్స్. గిగ్ పెర్ఫార్మర్‌లో గ్లోబల్ ర్యాక్‌స్పేస్. క్యాంటబైల్‌లో పాటలన్నీ పంచుకునే లింక్డ్ ర్యాక్. ఆ బస్ మీద ఒక గెయిన్, దానికి పెడల్. పాట మారినా ప్యాచ్ మారినా ఆ గెయిన్ మళ్ళీ లోడ్ కాదు కాబట్టి పెడల్ ఎక్కడ ఉందో గెయిన్ అక్కడే ఉంటుంది. పియానో వేరే బస్‌లో పోతుంది, దానికి పెడల్ తగలదు. మీ లేయర్ ప్యాచ్‌లో పియానో నిలకడగా ఉండి స్ట్రింగ్స్ ఒక్కటే కాలితో లేస్తాయి. మీరు ఇప్పటిదాకా తప్పించుకోవాలనుకున్న తేడానే ఇక్కడ కావాలని వాడుకోవచ్చు.

ఇంకొక్క సంగతి. పెడల్ కింది చివరని నిశ్శబ్దానికి పెట్టకండి. మడమ వైపు పూర్తిగా వదిలితే 15 డీబీ తగ్గాలి, అంతే. గెయిన్ డీబీల్లో ఉంటే -15 నుంచి 0 దాకా పరిధి ఇవ్వండి. సీసీ 11నే వాడుతుంటే, పైన చెప్పిన లెక్క పాటించే ప్లగిన్‌లో కనిష్ఠం 54 పెడితే ఇంచుమించు అదే వస్తుంది. దీనితో రెండు లాభాలు. పెడల్ ఎక్కడున్నా సౌండ్ పూర్తిగా పోదు, గాభరా ఉండదు. రెండోది, పెడల్ కదలిక మొత్తం పనికొచ్చే పరిధిలోనే పరుచుకుంటుంది. మిడీలో మనకున్నవి 128 మెట్లే. ఆ లెక్కలో 126 నుంచి 127కి వెళ్తే తేడా 0.14 డీబీ, చెవికి తెలియదు. అడుగున 1 నుంచి 2కి వెళ్తే 12 డీబీ. నిశ్శబ్దం నుంచి నెమ్మదిగా లేవాలని చూసినప్పుడు మెట్లు మెట్లుగా వినబడేది అందుకే. అడుగు భాగాన్ని వదిలేస్తే ఆ మెట్లే ఉండవు.

నల్లమెట్లు

పాతరీడ్స్ గారి బస్ పద్ధతి స్ట్రింగ్స్‌కి, ప్యాడ్‌కి బాగుంది. ఆర్గన్‌కి మాత్రం అలా చేయకండి. టోన్‌వీల్ ఆర్గన్‌లో (హామండ్ తరహా) ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉండేది లెస్లీ (తిరిగే స్పీకర్) ఆంప్‌కి ముందు. పెడల్ తొక్కితే సౌండ్ పెరగడమే కాదు, ఆంప్ మీద ఒత్తిడి పెరిగి గరగరలాడుతుంది. వదిలితే శుభ్రంగా అవుతుంది. మీరు గెయిన్‌ని చివర్లో పెడితే గరగర ఎప్పుడూ ఒకేలా ఉండి వాల్యూమ్ మాత్రమే తగ్గుతుంది, అంటే ఆర్గన్ దూరంగా వెళ్ళినట్టు ఉంటుంది, మెత్తబడినట్టు ఉండదు. ఆర్గన్ ప్లగిన్లు దాదాపు అన్నీ సీసీ 11ని లోపల సరైన చోటే కలుపుతాయి. దాన్ని ప్లగిన్‌కే నేరుగా వెళ్ళనివ్వండి.

డ్రైవ్ (అంటే ఆ గరగర) పెట్టిన ఎలక్ట్రిక్ పియానో సంగతీ అంతే. రివర్బ్ (గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని) విషయంలో కూడా వరస ముఖ్యం. గెయిన్ రివర్బ్‌కి ముందుంటే పెడల్ వదిలాక తోక తన దారిన తాను కరిగిపోతుంది. తర్వాత ఉంటే తోక కూడా కాలితో పాటే తెగుతుంది. నెమ్మదైన పాటల్లో నాకు మొదటిదే కావాలి. డ్రమ్స్ ఆగిన చోట అందరూ కలిసి కత్తిరించినట్టు ఆగాలంటే రెండోది.

పాతరీడ్స్

ఆర్గన్ గురించి నల్లమెట్లు అన్నది నూటికి నూరుపాళ్ళు సరి. డ్రైవ్ ఉన్న ఏ సౌండ్‌కైనా పెడల్ డ్రైవ్‌కి ముందే ఉండాలి.

శాంపిల్ స్ట్రింగ్స్ లైబ్రరీల్లో (అసలు వాయిద్యాల రికార్డింగులతో పలికేవి) ఒకటి గమనించండి. చాలావాటిలో మాడ్ వీల్, అంటే సీసీ 1, మెత్తటి శాంపిళ్ళ నుంచి గట్టి శాంపిళ్ళకి జరుపుతుంది, సీసీ 11 కేవలం స్థాయిని మారుస్తుంది. మెత్తగా వాయించిన వయొలిన్, గట్టిగా వాయించి వాల్యూమ్ తగ్గించిన వయొలిన్ ఒకటి కావు. మెత్తటి దానిలో గాలి, విల్లు రాపిడి ఎక్కువ, పై హార్మోనిక్స్ తక్కువ. మీ లైబ్రరీ అలాంటిదైతే పెడల్ ఒక్కదానినే హోస్ట్‌లో రెంటికీ కట్టి చూడండి. సీసీ 1 పూర్తి పరిధిలో, బస్ గెయిన్ కొద్దిగా, ఒక 6 డీబీ మేర. అప్పుడు లేవడం నిజంగా లేచినట్టుంటుంది. స్టేజ్ మీద ఈ తేడా ఎవరికి వినబడుతుంది అనే వాళ్ళున్నారు. వాయించే నాకు వినబడుతుంది, నేను వాయించే తీరు మారుతుంది, అది అందరికీ వినబడుతుంది.

కన్సోల్‌పక్కన

నేను కీబోర్డు వాయించను, మిక్సర్ దగ్గర నిలబడతాను. అటు వైపు నుంచి నాలుగు మాటలు.

సౌండ్ చెక్‌లో కీబోర్డు ప్లేయర్‌ని నేను అడిగేది ఒక్కటే: మీ సెట్‌లో అన్నిటికంటే పెద్ద ప్యాచ్ వాయించండి, షోలో వాయించినంత గట్టిగా. గెయిన్ దానికే పెడతాను. ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో మాస్టర్ కదిపితే నా లెక్కంతా పోతుంది, మానిటర్లలో అందరి మిక్స్‌లూ మారిపోతాయి. పాతరీడ్స్ చెప్పిన మూడో నాబ్ సౌండ్ చెక్ తర్వాత ముట్టుకోకుండా ఉంటే మాకు అంతకంటే మేలు లేదు. మీ స్టేజ్ మానిటర్ ఎక్కువ తక్కువ కావాలంటే మానిటర్ మీదే తిప్పుకోండి.

ప్యాచ్‌ల బ్యాలెన్స్ హెడ్‌ఫోన్లలో మెల్లగా పెట్టుకుని తేల్చకండి. తక్కువ స్థాయిలో చెవికి బేస్ తక్కువగా వినబడుతుంది. దాన్ని సరిచేసుకుంటూ పోయిన ప్యాడ్ పెద్ద స్పీకర్ల మీద బురదలా కమ్మేస్తుంది. వీలైతే రిహార్సల్‌లో, అసలు స్థాయిలో, డ్రమ్స్, బేస్ మోగుతుండగా పెట్టండి. మీటర్ చూసి అన్ని ప్యాచ్‌లూ సమానం చేయడం కూడా పనిచేయదు. పియానోకి కొట్టిన క్షణంలో శిఖరం ఎక్కువ, ప్యాడ్‌కి శిఖరమే ఉండదు. మీటర్ మీద రెండూ సమానమైతే మిక్స్‌లో ప్యాడ్ పెద్దదిగా ఉంటుంది. నాకు కావలసింది మీ పెద్ద ప్యాచ్ శిఖరాలు ల్యాప్‌టాప్‌లో -10 డీబీ చుట్టూ ఉండి, పైన ఖాళీ ఉండటం. సోలో కోసం ఒక 3 డీబీ పెంచి సేవ్ చేసిన వేరే ప్యాచ్ ఉంటే ఇంకా మంచిది. అప్పుడు మీరు ఫేడర్ వెతుక్కోనక్కర్లేదు, నేనూ వెతుక్కోనక్కర్లేదు.

రెండోవరస

అందరి మాటలూ కలిపి కట్టాను, నిన్న రిహార్సల్‌లో వాడాను.

ఫేడర్‌ని సీసీ 20కి మార్చాను. స్ట్రింగ్స్, ప్యాడ్ కలిపి ఒక బస్, పియానోలకి ఇంకో బస్. పెడల్ స్ట్రింగ్స్ బస్ గెయిన్ మీద, -15 నుంచి 0. రివర్బ్ గెయిన్ తర్వాత ఉంది. రెండో ఇంటర్‌లూడ్‌లో పెడల్ మడమ వైపు నుంచి మొదలుపెట్టి మూడో బార్ చివరికి పూర్తిగా తొక్కాను. మా డ్రమ్మర్ తల తిప్పి చూశాడు. నాలుగో బార్‌లో వదులుతుంటే గాయని సరిగ్గా ఆ ఖాళీలోకి ఎత్తుకుంది. స్ట్రింగ్స్ ఇంత మాట వింటాయని అనుకోలేదు.

ఇంకా రెండు సందేహాలు. ఒకటి, హోస్ట్ తెరిచిన కొత్తలో పెడల్ తొక్కి ఉన్నా గెయిన్ -15 దగ్గరే ఉంది, పెడల్ కదిపేదాకా. రెండు, ఫేడర్లని ఇప్పుడు ప్యాచ్ బ్యాలెన్స్‌కి ఉంచుకున్నాను, రిహార్సల్‌లో సర్దుకోవడానికి. అవి ముట్టుకోగానే ఎగిరిపడటం ఇంకా ఉంది. హోస్ట్‌లో "జంప్", "పికప్" అని రెండు కనబడుతున్నాయి. రెంటికీ పికప్ పెట్టేయనా?

పాతరీడ్స్

ఫేడర్లకి పికప్, పెడల్‌కి జంప్. తారుమారు చేయకండి.

పికప్ అంటే ఫేడర్ మీరు కదిపినా వెంటనే ఏమీ జరగదు. స్క్రీన్ మీదున్న విలువని ఫేడర్ దాటినప్పుడే పట్టుకుంటుంది. బ్యాలెన్స్‌కి అది సరిగ్గా సరిపోతుంది. ప్యాచ్ 0లో ఉంది, ఫేడర్ సగంలో ఉంది, పైకి తోస్తే 0 దగ్గర కలుసుకుని అక్కణ్నుంచి మీ మాట వింటుంది. పొరపాటున చేయి తగిలినా ఏమీ కాదు. కావాలని సర్దుకునే పనికి ఆ చిన్న ఆలస్యం అడ్డం కాదు.

పెడల్‌కి అదే పెడితే ప్రమాదం. ఎంట్రీ వచ్చింది, కాలు సగంలో ఉంది, గెయిన్ ఎక్కడో ఉంది, తొక్కుతుంటే సౌండ్ కదలదు, ఎక్కడ పట్టుకుంటుందో మీకు కనబడదు. కాలు ఎక్కడుందో కాలికి తెలుసు, సౌండ్ దాని ప్రకారమే ఉండాలి. బస్ గెయిన్ ఎప్పుడూ లోడ్ కాదు కాబట్టి జంప్ పెట్టినా ఎగిరిపడటానికి తేడానే మిగలదు.

మిగిలేది మీరన్న ఆ మొదటి క్షణం. పెడల్ కదిలినప్పుడే కీబోర్డు సందేశం పంపుతుంది, అంతవరకు హోస్ట్‌కి పెడల్ ఎక్కడుందో తెలిసే దారి లేదు. అందుకని హోస్ట్ తెరవగానే పెడల్‌ని మడమ నుంచి వేళ్ళదాకా ఒకసారి పూర్తిగా తొక్కి వదలండి. కేబుల్ ఊడి మళ్ళీ పెట్టినా, కీబోర్డు ఆఫ్ చేసి ఆన్ చేసినా అదే. ఆర్గన్ ప్లగిన్‌కి నేరుగా వెళ్ళే సీసీ 11 ఉంటే, ఆ ప్యాచ్‌లోకి వెళ్ళగానే పెడల్ రవ్వంత కదపడం అలవాటు చేసుకోండి, ప్లగిన్‌కి సంగతి తెలుస్తుంది.

తీగలపెట్టె

పెడల్ తొక్కి చూసేటప్పుడు మిడీ మానిటర్ (వచ్చే విలువలు చూపించే విండో) తెరిచి ఉంచండి. మడమ వైపు 0, వేళ్ళ వైపు 127 రావాలి. కొన్ని పెడళ్ళు 4 నుంచి 119 దాకానే ఇస్తాయి, అప్పుడు మీ స్ట్రింగ్స్ ఎప్పటికీ 0 డీబీకి చేరవు. కీబోర్డులో పెడల్ కాలిబ్రేషన్ ఉంటే చేయండి, లేకపోతే హోస్ట్‌లో వచ్చే పరిధినే పూర్తి పరిధిగా పెట్టండి. విలువలు తలకిందులుగానో, చివర్లో ఒక్కసారి దూకుతూనో వస్తుంటే ప్లగ్ వైరింగ్ తేడా. కొన్ని పెడళ్ళలో వైపర్ (పెడల్‌తో కదిలే కాంటాక్ట్) ప్లగ్ కొన మీద, అంటే టిప్ మీద ఉంటుంది, కొన్నింట్లో దాని వెనకున్న రింగ్ మీద. పెడల్ అడుగున మార్చే స్విచ్ ఉందేమో చూడండి.

కాలు ఆపి ఉంచినా మానిటర్‌లో 87, 88, 87, 88 అని కొట్టుకుంటుంటే లోపల పొటెన్షియోమీటర్‌కి దుమ్ము పట్టి ఉంటుంది. పట్టి ఉంచిన కార్డ్ మీద అది సన్నటి వణుకులా వినబడుతుంది. కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. పోకపోతే గెయిన్ మీద స్మూతింగ్ ఒక 20, 30 మిల్లీసెకన్లు పెట్టండి. ఇంకా ఎక్కువ పెడితే పెడల్ బద్ధకంగా అనిపిస్తుంది.

రెండోవరస

నాది 3 నుంచి 122 ఇస్తోంది. హోస్ట్‌లో సరిచేశాను, ఇప్పుడు పూర్తిగా తొక్కితే సరిగ్గా 0 చూపిస్తోంది. వణుకు లేదు. ఆర్గన్ వేరేగా కట్టడం ఈ వారం రిహార్సల్‌కి చేస్తాను, డ్రైవ్ ఎలా వచ్చిందో ఇక్కడే రాస్తాను.